లోహాన్ని నూనెలో కరిగించే ఆమ్లాలు

నమస్కారం. చెన్నై కాశిమేడు రేవు వైపు ఫైబర్ పడవలు చేసే షెడ్డుకు వెళితే, రెసిన్ అనే జిగట ద్రవం డబ్బా పక్కన ఊదా రంగు ద్రవం ఉన్న చిన్న సీసా ఒకటి కనిపిస్తుంది. పనివారు దానిని కోబాల్ట్ అంటారు. అందులో ఉన్నది లోహం కాదు, కోబాల్ట్ లవణం. ఎంతోకాలంగా వాడుకలో ఉన్న రకంలో ఆ లవణానికి ఆధారమైన నాఫ్థెనిక్ ఆమ్లం ముడిచమురు నుంచే వస్తుంది.

నాఫ్థెనిక్ ఆమ్లం అంటే ఒకే పదార్థం కాదు. ఐదారు కార్బన్ల వలయాలకు గొలుసులు అతుక్కొని, చివర ఆమ్ల గుణాన్నిచ్చే కార్బాక్సిల్ సమూహం ఉండే ఎన్నో రకాల అణువుల మిశ్రమమది. కిరోసిన్‌ను, డీజిల్‌ను కాస్టిక్ సోడా ద్రావణంతో కడిగితే ఈ ఆమ్లాలు సబ్బులుగా మారి నీటిలోకి దిగుతాయి. ఆ నీటికి సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపితే మళ్లీ విడివడి నూనెలా పైకి తేలుతాయి.

మణలిలో 1969 నుంచి నడుస్తున్న రిఫైనరీ వంటి ఏ కర్మాగారమైనా ముడిచమురు కొనేముందు దాని ఆమ్లత్వాన్ని చూసుకుంటుంది. గ్రాము చమురులోని ఆమ్లాన్ని తటస్థీకరించడానికి 0.5 మిల్లీగ్రాములకు మించి పొటాషియం హైడ్రాక్సైడ్ అవసరమైతే జాగ్రత్తపడతారు. సుమారు 220 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఈ ఆమ్లాలు ఉక్కు గొట్టాలను తింటాయి. పుట్టిన ఇనుప లవణం నూనెలో కరిగిపోవడంతో లోహంపై కాపాడే పొర నిలవదు, లోపలి ఉక్కు మళ్లీ బయటపడుతుంది. అందుకే మాలిబ్డినం కలిసిన స్టెయిన్‌లెస్ స్టీల్ వాడతారు.

నాకు ఎంతో ఆశ్చర్యం కలిగించే సంగతి ఏమిటంటే, గొట్టానికి చేటు చేసిన ఆ కరిగే గుణమే పెయింటుకు ప్రాణం. కోబాల్ట్ నూనెలో కలిసిపోయి గాలిలోని ఆక్సిజన్‌తో చర్యను వేగవంతం చేయబట్టే అవిసెనూనె పెయింటు రోజుల తరబడి జిగటగా ఉండకుండా త్వరగా ఆరుతుంది. రాగి లవణమైతే కర్రను బూజు నుంచీ చెదల నుంచీ కాపాడుతుంది. 1942లో హార్వర్డ్‌లో రూపొందిన, నిప్పుబాంబుల్లో వాడిన నాపామ్ పేరులోని మొదటి భాగం కూడా ఈ ఆమ్లాలదే. అల్యూమినియం లవణంతో పెట్రోలును జిగురుగా మార్చిన ఆ వాడకం తలచుకుంటేనే మనసు చివుక్కుమంటుంది.

పడవల పనిలో ఉన్న మనవాళ్లకు ఒక్క విన్నపం. కోబాల్ట్‌ను, రెసిన్‌ను గట్టిపరచే హార్డెనర్‌తో నేరుగా ఎన్నడూ కలపవద్దు, అవి రెండూ కలిస్తే భగ్గుమని మండవచ్చు, పేలవచ్చు కూడా. ముందుగా కోబాల్ట్‌ను రెసిన్‌లో బాగా కలియబెట్టి, ఆ తరువాతే హార్డెనర్ పోయండి. రెండు సీసాలనూ దూరదూరంగా ఉంచండి.