ఫోను తీసుకున్నాక వచ్చే ఏడుపు

శ్రోతలకు నమస్కారం. అన్నం తినిపించడానికి ఫోను చేతికిచ్చాం. ముద్దలు అయిపోయాయి, ఫోను తీసేసుకున్నాం. మూడేళ్ల పిల్ల నేలమీద పడి కాళ్లు తపతపా కొట్టుకుంటోంది. "ఇచ్చెయ్యవే, ఏం పోయింది?" అంటోంది అమ్మమ్మ. మనం తడబడేది ఇక్కడే.

ఏడాదిన్నర నుంచి నాలుగేళ్ల దాకా ఈ మొండి ఏడుపులు మామూలే. ఆవేశానికి పగ్గం వేసే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగడానికి దాదాపు 25 ఏళ్లు పడుతుంది. అందుకే ఏడుపు మంచి ఊపులో ఉండగా నీతులు చెప్పడం దండగ. చెవికెక్కవు. చేతికందే గాజుగ్లాసు పక్కకు జరిపి, మీరూ కింద కూర్చోండి. గొంతు తగ్గించి, "ఫోను తీసేశానని కోపం వచ్చింది కదూ. ఫోను మాత్రం ఇవ్వనమ్మా" అనండి. ఆ తర్వాత ఏమీ మాట్లాడకుండా ఉండటమే కష్టం. దగ్గరికొస్తే ఎత్తుకోండి. తోసేస్తే బలవంతాన వాటేసుకోవద్దు, కనిపించేంత దూరంలో ఉండండి. కొడుతుంటే చెయ్యి పట్టుకుని ఆపండి, తిరిగి కొట్టకండి.

పది నిమిషాలు ఓర్చుకుని పదకొండో నిమిషంలో ఇచ్చేశారనుకోండి, మొదట్లోనే ఇచ్చేసినదానికన్నా చేటు. పదకొండు నిమిషాలు ఏడిస్తే దొరుకుతుందని మనమే నేర్పినట్టు. ఇవ్వడం మానేసిన తొలిరోజుల్లో ఏడుపు ఇంకా పెరుగుతుంది కూడా. పద్ధతి పనిచెయ్యట్లేదనుకుని చాలామంది అక్కడే వదిలేస్తారు. అమ్మమ్మతో ఈ సంగతి ముందే మాట్లాడుకోవాలి, ఏడుపు మధ్యలో కాదు.

"ఇంకో అయిదు నిమిషాలే" అంటే మూడేళ్ల పిల్లకు అర్థం కాదు. "ఈ పాట అయిపోగానే" అంటే తెలుస్తుంది. ఆటోప్లే మాత్రం ఆపెయ్యండి, లేకపోతే ఆ పాట ఎప్పటికీ అవదు.

కోపం తగ్గించుకోవడం నేర్పేది మర్నాడు, కడుపునిండా తిని ఆడుకుంటున్నప్పుడు. దోసిలి పట్టించి, అందులో వేడివేడి పాయసం ఉందనండి. ముక్కుతో వాసన పీల్చాలి, నోటితో మెల్లగా ఊదాలి. పీల్చేటప్పుడు మూడు లెక్కపెట్టండి, ఊదేటప్పుడు అయిదు. గట్టిగా ఊదితే పాయసం ఒలికిపోతుందంటే తనే నెమ్మదిస్తుంది. నాలుగైదుసార్లు చాలు. ఈ ఆట బాగా అలవాటయ్యాకే కోపంలో గుర్తుచెయ్యాలి.

కొందరు పిల్లలు ఏడుస్తూ ఏడుస్తూ ఊపిరి బిగబడతారు, పెదాలు నీలంగా మారతాయి. సాధారణంగా నిమిషంలోపే ఊపిరి దానంతటదే వస్తుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. కుదపొద్దు, నోట్లో నీళ్లు పొయ్యొద్దు. నిమిషం దాటినా తేరుకోకపోతే 108కి ఫోన్ చెయ్యండి. తేరుకున్నా సరే, ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించి రక్తంలో ఐరన్ పరీక్ష చేయించండి. ఐరన్ తక్కువున్న పిల్లల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది, మందు వాడితే చాలామందిలో తగ్గుతుంది.