వసారా లేని బడి (వదిన, మరిది: 37వ ముచ్చట)

మరిది: నమస్కారం. వదిన వచ్చి కూర్చున్నారు. కాఫీ అయింది. ఫ్యాను ఆపేశాను. పోయినసారి దాని చప్పుడుకు పెరంబూరు మామగారికి సగం మాటలు వినిపించలేదట.

వదిన: అందుకే ఇవాళ వసారాలో కూర్చున్నాం. ఇక్కడ గాలి దానంతట అదే వస్తుంది. మామగారూ, వినిపిస్తోందా?

మరిది: ఆయన ఇప్పుడు జవాబు చెప్పలేరు కదా వదినా.

వదిన: తెలుసు. అయినా అడగడం మర్యాద.

మరిది: ఇవాళ్టి విషయం చెన్నై కార్పొరేషన్ బడుల కొత్త భవనాలు. ఫ్రెంచి అభివృద్ధి సంస్థ ఇచ్చిన రుణంతో నగరంలో 28 బడులను బాగుచేసే పథకం ఒకటి. రాష్ట్రం మొత్తానికి ప్రొఫెసర్ అన్బళగన్ పేరుతో 2022లో ప్రకటించిన పథకం ఇంకొకటి. ఆ రెండోదానికి ఐదేళ్లలో 7,000 కోట్ల రూపాయలు, 18,000 తరగతి గదులు అన్నారు. నేను వరుసగా చెప్పుకుంటూ వస్తాను. స్థలం, పునాది, గదులు, మరుగుదొడ్లు, చివరికి డాబా మీది నీళ్లు ఎటు పోతాయి...

వదిన: వచ్చేసింది. రెండు నిమిషాలు కూడా కాలేదు.

మరిది: రావాలి వదినా. ముప్పై ఏళ్లు కట్టడాల పని చేశాను. నిలిచిన నీరు కూల్చినన్ని కప్పులను వయసు కూల్చలేదు. తూములో నాలుగు వేపాకులు అడ్డుపడితే చాలు.

వదిన: సరే, నీళ్ల దగ్గరికి తరువాత వద్దాం. ముందు నాదొక ప్రశ్న. మొన్న నువ్వు భోజనాల బల్ల మీద పరిచి చూపించావే, కొత్త బడి నమూనా పటం. అందులో పిల్లలు ఎక్కడ కూర్చుని తింటారు?

మరిది: వంటగది ఉంది. గోడ పక్కన చూపించాను కదా.

వదిన: వండేది ఎక్కడో అడగలేదు. తినేది ఎక్కడ?

మరిది: తరగతి గదుల్లోనే తినవచ్చు.

వదిన: సాంబారు ఒలికిన బల్ల మీదే లెక్కల పుస్తకం తెరవమంటావా? నేను ఇరవై ఆరేళ్లు ఆ బల్లలు తుడిచాను. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అన్నం. రెండుసార్లు తుడిపించి, మూడోసారి నేనే తుడుచుకునేదాన్ని.

మరిది: మీరు ఉద్యోగంలో ఉన్నప్పుడు పొద్దుటి ఉప్మా ఎక్కడిది? ముఖ్యమంత్రి అల్పాహార పథకం మొదలైంది 2022 సెప్టెంబరు 15న. మీరు అప్పటికే ఇంటికి వచ్చేశారు.

వదిన: వచ్చేసినా వెళ్లేదాన్ని. మొదటి నెల రోజులు పొద్దున్నే వెళ్లి నిలబడ్డాను. ఒకటో తరగతి పిల్లవాడు ఒకడు పళ్లెం పట్టుకుని గోడ పక్కనే నడుస్తున్నాడు, ఎక్కడ కూర్చోవాలో తెలియక. చివరికి మెట్ల మీద కూర్చున్నాడు. పైనుంచి దిగే పిల్లల కాళ్లు తగలకుండా పళ్లాన్ని ఒళ్లోకి లాక్కుని, ఒక చేత్తో కప్పుకుని తింటున్నాడు. అది చూశాక నాకు ఆ భవనం కొత్త రంగులేవీ కంటికి ఆనలేదు.

మరిది: ...

వదిన: 2009 విద్యాహక్కు చట్టం చివర బడికి ఏమేమి ఉండాలో ఒక పట్టిక ఉంది. నాకు కంఠతా వచ్చు. ఒక్కో ఉపాధ్యాయుడికి ఒక గది. నడవలేని పిల్లలు కూడా అడ్డు లేకుండా రాగలిగే దారి. ఆడపిల్లలకు, మగపిల్లలకు వేరువేరు మరుగుదొడ్లు. తాగునీరు. మధ్యాహ్న భోజనం వండే వంటగది. ఆటస్థలం. చుట్టూ గోడ. వండే చోటు రాశారు, తినే చోటు రాయలేదు. రాయని దానికి డబ్బు రాదు. డబ్బు రానిది నీ పటంలోకి రాదు.

మరిది: అది నిజం. పటం గీసేవాడు పట్టిక చూసే గీస్తాడు.

వదిన: అసలు బడిలో అన్నం పెట్టాలన్న ఆలోచన ఈ ఊళ్లో ఎవరిది? మన పిట్టి త్యాగరాయ చెట్టిది. ఆయన కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, 1920లో, థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో మొదలుపెట్టారు. పిల్లవాడికి రోజుకు ఒక అణాకు మించకుండా ఖర్చు పెట్టేందుకు కౌన్సిల్ ఒప్పుకుంది. అక్కడి నుంచి ఇంకో నాలుగు బడులకు పాకింది. 1925లో ప్రాథమిక విద్య నిధి నుంచి ఆ ఖర్చు కుదరదని ఆపేశారు. ఇంట్లో తెలుగు మాట్లాడిన మనిషి. టీ నగర్‌లో తిరిగే మన పిల్లలకు ఆ ‘టీ’ ఎవరో చెబుతున్నామా?

మరిది: చెప్పాం. 12వ ముచ్చటలో గంటసేపు చెప్పాం.

వదిన: మళ్లీ చెబుతాను. నూరేళ్లు దాటింది బడిలో అన్నం పెట్టడం మొదలై. ఇంకా కూర్చునే చోటు చూపించలేకపోతున్నాం. మా పాత బడిలో ఆ బాధ లేదు. వసారా ఉండేది. ఎనిమిది అడుగుల వెడల్పు. రెండు వరుసలు ఎదురెదురుగా కూర్చుంటే మధ్యలో నేను గరిటె పట్టుకుని నడిచేదాన్ని.

మరిది: ఎనిమిది ఉండదు వదినా. ఆ కాలపు బడుల్లో ఆరడుగులే. దూలం పొడవును బట్టి వస్తుంది.

వదిన: నేను నడిచాను.

మరిది: నేను కొలిచాను. కూల్చే ముందు అంచనాకు వెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను కదా.

వదిన: ఆ మాట మాత్రం నువ్వు ఎత్తకుండా ఉండవలసింది.

మరిది: ఎత్తక తప్పదు. మన శ్రోతలు అడుగుతున్నారు. ఆ భవనాన్ని నిలబెట్టవచ్చని ఆ రోజు కాగితం మీద రాసింది నేనొక్కడినే. అది మీకూ తెలుసు.

వదిన: తెలుసు. అందుకే నీతో ఇంకా మాట్లాడుతున్నాను.

మరిది: వినేవాళ్లకు ఆ కప్పు ఎలాంటిదో చెబుతాను. మద్రాసు మిద్దె. గోడ నుంచి గోడకు టేకు దూలాలు. వాటి మీద సన్నని ఇటుకలను పడుకోబెట్టరు, అంచు మీద నిలబెట్టి, ఏటవాలుగా, సున్నంతో పేర్చుకుంటూ పోతారు. దాని మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపిన పొర వేస్తారు. ఆ పొరను ఆడవాళ్లు వరుసగా కూర్చుని చెక్కలతో రోజుల తరబడి కొట్టేవాళ్లు, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతూ. పైన పలచని పెంకు బిళ్లలు. వాలు సరిగ్గా ఇచ్చి నీళ్లు ఎటు పోవాలో అటు పోనిస్తే...

వదిన: మళ్లీ నీళ్లు.

మరిది: మళ్లీ నీళ్లే! ఆ కప్పును చంపింది నీళ్లే. తూము మూసుకుపోయింది, దూలం చివర గోడలో నానింది, చెదలు పట్టింది. పదకొండు దూలాల్లో చెడినవి రెండు. రెండు మార్చితే సరిపోయేది. దాని పక్కనే తరువాత కట్టిన సిమెంటు గదులు ఉన్నాయే, అవి ఇంకా ఘోరం. సముద్రపు ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బింది. ఉబ్బితే సిమెంటు ఆగుతుందా? పెచ్చులు పెచ్చులుగా ఊడింది. నేను చూసినంతలో పిల్లల నెత్తిన పడేవి ఎక్కువగా ఆ పెచ్చులే.

వదిన: మరి పాతదాన్ని ఎందుకు కూల్చారు?

మరిది: 2021 డిసెంబరులో తిరునెల్వేలిలో ఒక బడిలో మరుగుదొడ్డి గోడ కూలి ముగ్గురు పిల్లలు పోయారు. ఆ తరువాత రాష్ట్రమంతటా శిథిలమైన బడి భవనాలను గుర్తించి కూల్చమన్నారు. ఆ వేడిలో పాతది అంటేనే భయం. ఎవరు సంతకం పెడతారు, నిలబడుతుందని? నేను పెట్టాను. మిగతావాళ్లు పెట్టలేదు. వాళ్లను తప్పుపట్టను. వాళ్లకూ పిల్లలున్నారు.

వదిన: నేనూ తప్పుపట్టను. కూల్చినందుకు బాధ లేదు. నమ్ము. కుంభకోణం ఊళ్లో బడి కాలిపోయిన తరువాత నేను ఏ బడి కప్పునూ మామూలుగా చూడలేదు. 2004 జూలై 16. 94 మంది పిల్లలు. వంటింటి మంట కొబ్బరాకుల పాకకు అంటుకుంది. దిగడానికి ఒకటే ఇరుకు మెట్లదారి. ఆ వారం నా తరగతిలో ఎవరూ అల్లరి చేయలేదు. రెండో తరగతి పిల్ల లేచి అడిగింది, టీచర్, మన కప్పు కాలుతుందా అని. కాలదమ్మా, ఇది సున్నం, ఇటుక అని చెప్పాను. బల్ల ఎక్కి, గోడ మీది సున్నం గోరుతో గీకి చూపించాను. ఆ కప్పు పేరు చెప్పే ఆ పిల్లకు ధైర్యం ఇచ్చాను నేను.

మరిది: ...నీళ్లు తాగండి వదినా.

వదిన: వద్దు. చెప్పనివ్వు. కూల్చండి, కొత్తది కట్టండి. మూడు అంతస్తులు కట్టండి. కానీ కట్టేటప్పుడు ఆ పాతది ఏమేమి పనులు చేసిందో ఒక్కసారి లెక్క రాసుకోండి. వసారాలో అన్నం తిన్నారు. వానొస్తే ప్రార్థన అక్కడే. తల్లులు కొంగుతో విసురుకుంటూ అక్కడే కూర్చుని పిల్లల కోసం చూశారు. ఎన్నికలొస్తే వరుస అక్కడే. 2015 వరదల్లో నాలుగు రోజులు ముప్పై కుటుంబాలు ఆ వసారాలో పడుకున్నాయి. ఇన్ని పనులు చేసిన చోటుకు పటంలో పేరే లేదు. ‘రాకపోకల స్థలం’ అని రాశావు నువ్వు. దాన్ని ఎంత తగ్గిస్తే అంత మంచిదని కూడా అన్నావు.

మరిది: అన్నాను. చదరపు అడుగు లెక్కన డబ్బు ఇస్తారు. వసారా రెండడుగులు పెంచితే, మూడు అంతస్తుల్లో కలిపి ఒక గది పోతుంది. గది పోతే ముప్పై మంది పిల్లలు పోతారు. 2011లో నగరం హద్దులు 174 చదరపు కిలోమీటర్ల నుంచి 426కు పెరిగాయి. ఊరి అంచుల్లో ఇళ్లు వచ్చినంత వేగంగా బడులు రాలేదు. నగరం నడిబొడ్డున గదులు ఖాళీ, అంచుల్లో గదులు చాలవు. అక్కడ నేను గది వదిలి వసారా కట్టనా?

వదిన: నడిబొడ్డున గదులు ఖాళీ అన్నావు. మా తెలుగు గది ఎందుకు ఖాళీ అయిందో చెప్పు.

మరిది: అది భవనాల సంగతి కాదు.

వదిన: భవనాల సంగతే. 2006లో తమిళం నేర్చుకునే చట్టం వచ్చింది. ఒకటో తరగతి నుంచి ఏడాదికో తరగతి చొప్పున అందరికీ తమిళం తప్పనిసరి. నేర్చుకోవాలి, ఈ నేల మీద బతుకుతున్నాం, నేనూ నేర్పించాను. కానీ తెలుగుకు పిల్లలు తగ్గారు. గది చీపుళ్లకు, విరిగిన బల్లలకు ఇచ్చారు. ఆ గది వెనక గోడ మీద నేను గుణింతాలు రాయించాను, నీలం రంగుతో. మూడుసార్లు వెల్ల వేశారు. వెలుగు పక్క నుంచి పడితే ‘ఱ’ అక్షరం ఇంకా కనిపించేది. కొత్త భవనంలో తెలుగుకు గది ఏదీ అని అడిగితే, పిల్లలు ఎందరు అని అడిగారు. గది ఉంటే కదా పిల్లలు వచ్చేది!

మరిది: పదకొండు మంది ఉన్నారు అప్పటికి.

వదిన: పన్నెండు. ఒక పిల్లకు అమ్మవారు పోసి రాలేదు.

మరిది: పన్నెండు. సరే. వదినా, మన విషయం చాలా మిగిలిపోయింది. మరుగుదొడ్ల గురించి అయినా చెప్పాలి.

వదిన: చెప్పు.

మరిది: కట్టడం తేలిక. నీళ్లు రావాలి, పోవాలి, రోజూ కడిగే మనిషికి జీతం ఉండాలి. తలుపు గడియ పిల్లలకు అందే ఎత్తులో ఉండాలి. కంప్యూటర్ గదుల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, గదికి ఎండ నేరుగా తగలకుండా చూస్తే చాలు. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది గచ్చు ఎత్తు. ఈ ఊళ్లో పాత తారు గీకేయకుండా దాని మీదే కొత్త తారు వేసుకుంటూ పోయారు. రోడ్డు లేస్తుంది, బడి గుంటలో పడుతుంది. ఒకప్పుడు మూడు మెట్లు ఎక్కి వెళ్లిన బడిలోకి ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్తున్నాం. 2023 డిసెంబరు తుపానుకు ముందే ఒక బడికి వెళ్లి చెప్పాను, గచ్చు రెండడుగులు లేపండి, నీళ్లు ఎటు పోతాయో...

వదిన: ఈసారి ఏమీ అనను. చెప్పు.

మరిది: ...ఎటు పోతాయో చూసి లేపండి అని. లేపారు. వానకు బడిలోకి నీళ్లు రాలేదు. కానీ ఆ నీళ్లన్నీ వెనక సందులోని గుడిసెల్లోకి వెళ్లాయి. అందులో ఉండేది ఆ బడి పిల్లలే. నేను ఆ రెండో సంగతి చూడలేదు వదినా. నా పటం గోడ దగ్గరే ఆగిపోయింది.

వదిన: ఇది నువ్వు ఎప్పుడూ చెప్పలేదు.

మరిది: మొన్ననే వెళ్లి చూశాను. ఒకామె గుమ్మంలో ఇటుకలు పేర్చుకుని, వాటి మీద పొయ్యి పెట్టుకుంది. గోడ మీద మోకాలి ఎత్తున నీటి గీత ఉంది. అందుకే మీరు తినే చోటు అడిగినప్పుడు నాకు జవాబు రాలేదు.

వదిన: సందుకు ఇప్పుడు కాలువ తీయించవచ్చా?

మరిది: తీయించవచ్చు. వార్డు సభ్యుడికి అర్జీ రాశాను. మీరు తమిళం సరిచూడాలి. నా వాక్యాలు ఆఫీసు కాగితంలా ఉన్నాయి.

వదిన: రాత్రికి ఇవ్వు. వసారా సంగతి కూడా అందులోనే రాద్దామా?

మరిది: వేరే కాగితం మంచిది. ఎంత వెడల్పు అడుగుదాం?

వదిన: ఎనిమిది.

మరిది: ఆరు చాలు. రెండు వరుసలు కూర్చుంటారు.

వదిన: మధ్యలో వడ్డించేవాళ్లు నడవాలి. మనం కూర్చున్న ఈ వసారా ఎంత?

మరిది: ఆరున్నర ఉండవచ్చు.

వదిన: టేపు తీసుకురా.

మరిది: రికార్డు అవుతోంది.

వదిన: అవనీ. తీసుకురా. నేను ఇక్కడ గోడకు ఆనుకుని కాళ్లు ముడుచుకుని కూర్చుంటాను, నువ్వు ఎదురుగా కూర్చో. మధ్యలో ఆ బిందె పెట్టు.

మరిది: పెట్టాను. ఈ చివర పట్టుకోండి. ఆరడుగుల... తొమ్మిదంగుళాలు.

వదిన: గడప నుంచి పట్టావు. గోడ నుంచి పట్టు.

మరిది: గోడ నుంచే పట్టాను వదినా.

వదిన: లేదు, నీ వేలు గడప మీద ఉంది. మళ్లీ కొలువు.