ఒక్క అనప మొక్క, దాని చుట్టూ బతికే జీవులు: ఎవరు ఎవరికి ఏమిస్తున్నారు?

(దృశ్యం: బెంగళూరు మార్కెట్, గోనెపట్టాల మీద అవరెకాయల గుట్టలు. తర్వాత ఒక మేడ మీద గ్రో బ్యాగుల వరస.)

నమస్కారమండీ. డిసెంబరు, జనవరి నెలల్లో బెంగళూరులో ఏ కూరగాయల అంగడికెళ్ళినా అవరెకాయల గుట్టలే. చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు, ఇవి మన అనపకాయలే. పితికిపప్పు కూర వదులుకోలేని ఇళ్ళవాళ్ళు ఇప్పుడు మారతహళ్ళిలోనో కె.ఆర్. పురంలోనో మేడ మీదే అనప వేసుకుంటున్నారు. ఈ వీడియోలో ఆ ఒక్క మొక్కనే వేరు నుంచి చిగురు దాకా చూద్దాం.

సహజీవనం, పరాన్నజీవనం, పరభక్షణ అని బడిలో విడివిడిగా నిర్వచనాలు చదువుకున్నాం. నిజంగా మొక్క దగ్గర కూర్చుని చూస్తే ఈ సంబంధాలు అంత గట్టిగా గీతలు గీసుకుని ఉండవు. ఎరువు మారినా, చీమ వచ్చినా, ఒక మందు కొట్టినా లెక్కంతా తారుమారవుతుంది. 1879లో జర్మన్ శాస్త్రవేత్త ఆంటన్ డి బారీ సహజీవనానికి ఇచ్చిన నిర్వచనంలో లాభనష్టాల మాటే లేదు. వేర్వేరు జాతుల జీవులు కలిసి బతకడం, అంతే. పరాన్నజీవులు కూడా అందులోకే వస్తాయి. ఆ విశాలమైన అర్థమే మనకు ఇక్కడ పనికొస్తుంది.

(దృశ్యం: పూత దశలో ఉన్న మొక్క. వేళ్ళతో సహా తీసి, బకెట్ నీళ్ళలో ముంచి మట్టి వదిలిస్తున్న చేతులు.)

ముందు వేరు. పూత మొదలయ్యే సమయంలో ఒక మొక్కను బలవంతంగా పీకకుండా, చుట్టూ తవ్వి తీయండి. పీకితే మనం చూడాలనుకున్నవే మట్టిలో రాలిపోతాయి. నీళ్ళలో ముంచి కడిగితే వేళ్ళ పక్కన గుండ్రటి బుడిపెలు కనిపిస్తాయి. ఒక్కదాన్ని గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగో ఎరుపో ఉందా? అయితే పని జరుగుతోంది. తెల్లగా ఉంటే ఇంకా లేతది, లేదా అందులో ఉన్న బ్యాక్టీరియా పనికిరానిది. ఆకుపచ్చగా, గోధుమ రంగులో ఉంటే దాని పని అయిపోయింది.

ఆ ఎరుపు ఎందుకంటే, గాలిలో 78 శాతం నత్రజనే అయినా మొక్క దాన్ని నేరుగా వాడుకోలేదు. బుడిపెలో ఉండే బ్యాక్టీరియా నైట్రోజినేజ్ అనే ఎంజైముతో ఆ నత్రజనిని అమ్మోనియాగా మారుస్తుంది. చిక్కేమిటంటే, ఆక్సిజన్ తగిలితే ఆ ఎంజైము పాడైపోతుంది. కానీ బ్యాక్టీరియా ఊపిరి పీల్చడానికి ఆక్సిజన్ కావాలి. అందుకే మొక్క లెగ్‌హిమోగ్లోబిన్ తయారుచేసి ఆక్సిజన్‌ను పట్టి ఉంచి, కావలసినంత మాత్రమే అందిస్తుంది. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది దగ్గరి చుట్టం, రంగు కూడా అదే. ఒక్క నత్రజని అణువును మార్చడానికి కనీసం 16 ఏటీపీలు, అంటే కణాల్లో శక్తిని మోసే అణువులు, ఖర్చవుతాయి. ఆ శక్తి అంతా మొక్క తన ఆకుల్లో చేసుకున్న చక్కెర నుంచే రావాలి. అంటే ఇది దానం కాదు, మొక్క గట్టి ధర చెల్లిస్తోంది.

(దృశ్యం: వేరు నూగు వంకర తిరిగే యానిమేషన్.)

వీళ్ళిద్దరూ కలవడమూ అంత తేలిగ్గా జరగదు. వేరు ఫ్లేవనాయిడ్లు అనే రసాయనాలు వదులుతుంది. వాటిని గుర్తుపట్టిన బ్యాక్టీరియా బదులుగా తన సంకేత రసాయనం పంపుతుంది. అప్పుడు వేరు నూగు కొస వంకర తిరిగి బ్యాక్టీరియాను చుట్టేస్తుంది. లోపలికి ఒక సన్నని గొట్టం ఏర్పడి, అందులోంచి అవి వేరు కణాల దాకా చేరతాయి. సంకేతం సరిపోకపోతే తలుపు తెరుచుకోదు. అందుకే శనగకు పనిచేసే రకం అనపకు పనిచేయదు. అనపకు అలసందకు పనిచేసే వర్గం బ్యాక్టీరియా కావాలి.

మేడ తోటల్లో తరచుగా జరిగే పొరపాటు ఇక్కడే ఉంది. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), వర్మికంపోస్టు కలిపిన మిశ్రమంలో ఈ బ్యాక్టీరియా దాదాపు ఉండదు. మొక్క ఎంత బాగా పెరిగినా వేళ్ళు నున్నగానే ఉంటాయి. కాబట్టి విత్తనానికి కల్చర్, అంటే ప్యాకెట్లలో అమ్మే ఈ బ్యాక్టీరియాను, పట్టించాలి. ప్యాకెట్ మీద అలసంద లేదా అవరె అని రాసి ఉందో లేదో, గడువు తేదీ దాటిందో లేదో చూసుకుని కొనండి. పొలానికైతే 10 కిలోల విత్తనాలకు 200 గ్రాముల ప్యాకెట్ చాలు. మేడ మీద గుప్పెడు గింజలకు ఒక చెంచా వేసినా నష్టం లేదు. 100 మిల్లీలీటర్ల నీళ్ళలో 10 గ్రాముల బెల్లం వేసి కాచి, పూర్తిగా చల్లారనివ్వండి. వేడి ఏమాత్రం ఉన్నా బ్యాక్టీరియా చచ్చిపోతుంది. గింజలు తడిసేంత బెల్లం నీళ్ళు చల్లి, కల్చర్ వేసి, ప్రతి గింజకూ పట్టేలా కలిపి, నీడలో అరగంట ఆరబెట్టి అదే రోజు నాటండి. ఎండలో ఆరబెట్టకండి. రంగు పూసి అమ్మే విత్తనాలకు శిలీంద్రనాశని పట్టించి ఉంటుంది, వాటి మీద కల్చర్ బతకడం కష్టం. మందు పట్టించని గింజలే తీసుకోండి.

బ్యాగు లోతు కనీసం 12 అంగుళాలు ఉండాలి. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు వర్మికంపోస్టు, ఒక పాలు కోకోపీట్ కలుపుకుంటే చాలు. నీళ్ళు నిలవకూడదు, వేళ్ళకు గాలి ఆడకపోతే బుడిపెలు చచ్చిపోతాయి. విత్తే కాలం కూడా చూసుకోండి. నాటు అవరెకు పగళ్ళు చిన్నవైతేనే పూత వస్తుంది. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన హెబ్బాళ అవరె 3, 4 రకాలకు ఆ పట్టింపు లేదు, ఏ నెలలో వేసినా పూస్తాయి.

ఇప్పుడు యూరియా సంగతి. బుడిపెలు వచ్చిన మొక్కకు యూరియా వేస్తే ఏమవుతుంది? నత్రజని తేరగా దొరుకుతున్నప్పుడు మొక్క అంత చక్కెర ఖర్చుపెట్టి బ్యాక్టీరియాను పోషించదు. కొత్త బుడిపెలు ఆగిపోతాయి, ఉన్నవి వడలిపోతాయి. సోయాబీన్ మీద 2003లో వెలువడిన ఒక పరిశోధన ఇంకా స్పష్టంగా చూపింది. కొన్ని బుడిపెల చుట్టూ ఉన్న గాలిలో నత్రజని తీసేసి ఆర్గాన్ అనే వాయువు నింపారు. బ్యాక్టీరియా పనిచేద్దామన్నా సరుకు లేదు. ఆ బుడిపెలకు మొక్క ఆక్సిజన్ సరఫరా తగ్గించేసింది, లోపల బ్యాక్టీరియా సంతానమూ తగ్గింది. పని చేయని భాగస్వామికి మొక్క కోత పెడుతుందన్నమాట. ఇంత గట్టి కాపలా ఉంటేనే ఈ పొత్తు నిలబడుతుంది.

(దృశ్యం: రెండు వేళ్ళు పక్కపక్కన. ఒకదానికి బుడిపెలు, ఇంకోదానికి ఉబ్బులు.)

ఈ రెండు వేళ్ళనూ జాగ్రత్తగా చూడండి. ఎడమవైపు ఉన్నవి బ్యాక్టీరియా బుడిపెలు. వేరుకు పక్కన అతుక్కుని ఉంటాయి, వేలితో రుద్దితే ఊడి వస్తాయి. కుడివైపు వేరు తానే ఉబ్బింది, ఎంత రుద్దినా ఊడదు. అది నులిపురుగు పని. వేరు లోపల కూర్చుని రసం తాగే పరాన్నజీవి ఇది. కల్చర్ దొరక్క పొలం మట్టి తెచ్చి కలిపేవాళ్ళకు ఈ ముప్పు ఉంటుంది. మంచి బ్యాక్టీరియాతో పాటు ఇదీ వస్తుంది. ఇలాంటి ఉబ్బులు కనిపిస్తే ఆ మట్టిని వేరే బ్యాగులకు మార్చకండి.

(దృశ్యం: లేత చిగురు, దాని నిండా నల్లటి పేనుబంక. కాండం మీద చీమల బారు.)

ఇక పైకి వద్దాం. చలికాలంలో అనప చిగుళ్ళ నిండా నల్లగా కనిపించేది పేనుబంక. మగపురుగు అవసరం లేకుండానే ఆడవి పిల్లల్ని పెడతాయి, ఆ పిల్లలు వారం పదిరోజుల్లో మళ్ళీ పిల్లల్ని పెడతాయి. మొక్క రసంలో చక్కెర దండిగా ఉంటుంది గానీ అవసరమైన అమైనో ఆమ్లాలు తక్కువ. ఆ లోటు తీర్చేది పేనుబంక ఒంట్లోనే ఉండే బుక్నేరా అనే బ్యాక్టీరియా. తల్లి నుంచి పిల్లలకు అందుతూ వస్తోంది. ఒకటి లేకుండా ఇంకొకటి బతకలేదు. మొక్కకు శత్రువైన ఈ పురుగు, తన లోపల ఇంకో స్నేహం మోస్తోంది.

ఎక్కువైన చక్కెరను పేనుబంక తేనెబంకగా వదిలేస్తుంది. చీమలు మీసాలతో తడుతూ ఆ తీపి తాగుతాయి, బదులుగా పేనుబంకను తినే పురుగులు రాకుండా కాపలా కాస్తాయి. ఈ బంక ఆకుల మీద పడి నల్లటి మసి బూజు పడుతుంది. ఆ బూజు మొక్కను తినదు, కానీ ఎండను అడ్డుకుంటుంది. చీమల సంగతీ స్థిరం కాదు. వేరే చోట తీపి దండిగా దొరికి, పుట్టలో పిల్లలకు మాంసకృత్తులు కావలసి వస్తే, కొన్ని జాతుల చీమలు తాము కాపలా కాసిన పేనుబంకనే తినేస్తాయి.

(దృశ్యం: అక్షింతల పురుగు గుడ్లు, పిల్ల పురుగు, పెద్ద పురుగు. ఒకదాని తర్వాత ఒకటి.)

పేనుబంకను తినే అక్షింతల పురుగును అందరూ గుర్తుపడతారు. దాని పిల్లను మాత్రం ఎవరూ గుర్తుపట్టరు. పొడవుగా, నల్లగా, లేత పసుపో తెలుపో మచ్చలతో, ఆరు కాళ్ళ మీద చురుగ్గా తిరుగుతుంది. చీడ అనుకుని నలిపేస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి, రోజుకు పదుల కొద్దీ పేనుబంకను తినేది అదే. ఆకు అడుగున పసుపు గుడ్లు నిటారుగా గుంపుగా ఉన్నా వదిలేయండి. పేనుబంకలో కొన్ని ఉబ్బి, గడ్డి రంగులోకి మారి, కదలకుండా ఉంటే వాటినీ ముట్టుకోవద్దు. వాటి లోపల ఒక చిన్న కందిరీగ పిల్ల పెరుగుతోంది. కొన్నాళ్ళకు వీపు మీద గుండ్రటి రంధ్రం చేసుకుని బయటికొస్తుంది.

కాబట్టి పని ఇలా మొదలుపెట్టండి. ముందు చీమల్ని ఆపాలి. కాండానికి కాగితమో టేపో చుట్టి, దాని మీదే గ్రీజు పూయండి, కాండానికి నేరుగా తగలకూడదు. బ్యాగును స్టాండు మీద పెట్టి, స్టాండు కాళ్ళను నీళ్ళ గిన్నెల్లో ఉంచినా సరే. తీగ గోడకు తాకినా, పందిరి తాడు పక్క మొక్కకు కట్టినా చీమలకు అది వంతెనే, అందరూ మరిచిపోయేది ఇదే. తర్వాత పొద్దున్నే గట్టి నీటి ధారతో చిగుళ్ళు కడగండి. చాలావరకు అక్కడితో తగ్గుతుంది. మిగిలితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, ఒకటి రెండు మిల్లీలీటర్ల ద్రవ సబ్బు కలిపి సాయంత్రం పూట కొట్టండి. అన్నిటినీ చంపే మందు కొడితే అక్షింతల పురుగులూ పోతాయి. అవి మళ్ళీ పెరగడానికి వారాలు పడుతుంది, పేనుబంకకు రోజులు చాలు. మందు కొట్టాక పురుగు ఇంకా ఎక్కువైందని చాలామంది అనేది ఇందుకే.

(దృశ్యం: పిండినల్లి పట్టిన బొప్పాయి, తర్వాత ఆరోగ్యంగా ఉన్న బొప్పాయి తోట.)

శత్రువు లేని పురుగు ఏం చేస్తుందో బొప్పాయి రైతులు చూశారు. మెక్సికో, మధ్య అమెరికా నుంచి వచ్చిన బొప్పాయి పిండినల్లి 2008లో కోయంబత్తూరులో బయటపడింది. ఇక్కడ దాన్ని అదుపు చేసే కందిరీగలు లేవు. తోటలకు తోటలే పోయాయి, మల్బరీ, కర్రపెండలం కూడా దెబ్బతిన్నాయి. 2010లో మన బెంగళూరు హెబ్బాళలోని జాతీయ సంస్థ, ఇప్పుడు దాన్ని వ్యవసాయ కీటక వనరుల బ్యూరో అంటున్నారు, ప్యూర్టో రికో నుంచి మూడు జాతుల కందిరీగల్ని తెప్పించి, పరీక్షించి, పెంచి వదిలింది. వాటిలో ఏసెరోఫేగస్ పపాయే అన్నది బాగా నిలదొక్కుకుంది. పిండినల్లి అంతరించలేదు, అంతరించనూ కూడదు. అది పూర్తిగా పోతే కందిరీగకు తిండి ఉండదు.

(దృశ్యం: మళ్ళీ అనప మొక్క. చివరి కాయలు కోశాక.)

కాయలు అయిపోయాక మొక్కను పీకేయకండి. నేలకు సమానంగా కోసి, వేళ్ళను మట్టిలోనే వదిలేయండి, బుడిపెలు అక్కడే కుళ్ళుతాయి. అయితే నత్రజనిలో ఎక్కువ భాగం గింజల్లోకి వెళ్ళిపోతుంది, కాయలన్నీ మనమే తిన్నాం కాబట్టి మట్టికి మిగిలేది కొద్దిగానే. ఆకులు, తీగ ముక్కలు చేసి అదే బ్యాగులో పైన పరిస్తే ఇంకాస్త కలిసొస్తుంది. పేనుబంక ఎక్కువగా ఉన్న చిగుళ్ళు మాత్రం పరవకుండా తీసేయండి. ఆ బ్యాగులో తోటకూర వేసినా సరే, కొద్దిగా కంపోస్టు కలపాల్సిందే. తర్వాతి అనప పంటకు అదే మట్టి వాడితే, అది మధ్యలో బీటలు వారేలా ఎండిపోకుండా ఉంటే, బ్యాక్టీరియా అందులోనే కాచుకుని ఉంటుంది. కొత్త మట్టి అయితే మళ్ళీ బెల్లం నీళ్ళు, కల్చర్ తప్పదు.