సీరియల్ ఆడియో డ్రామా ఫీడ్‌లో కబుర్లు ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు తీసేయాలి?

[తెరపై: ఫోన్‌లో ఒక ఆడియో డ్రామా ఎపిసోడ్ల జాబితా. ఆరో ఎపిసోడ్ ఆడుతోంది.]

వ్యాఖ్యానం:
ఆరో ఎపిసోడ్ చివర్లో తలుపు కిర్రుమని తెరుచుకుంది. లోపల ఎవరున్నారో చెప్పకుండానే ఎపిసోడ్ అయిపోయింది. వినేవాళ్లు ఊపిరి బిగబట్టి ఉన్నారు. ఫోన్ జేబులో ఉంది, యాప్ దానంతటదే తర్వాతి ఫైలు అందుకుంది. "అందరికీ నమస్కారం! మా క్రౌడ్‌ఫండింగ్‌కి ఇంకా నాలుగు రోజులే ఉంది..." ఆ నాలుగు రోజులూ మూడేళ్ల కిందటే గడిచిపోయాయి.

కబురు చెప్పడంలో తప్పేమీ లేదు. కొత్త సీజన్ తేదీ, నటీనటుల కోసం పిలుపు, ఇంకో షోతో కలిసి చేస్తున్న పని, ఇవన్నీ శ్రోతలకి తెలియాల్సినవే. సోషల్ మీడియాలో పెట్టిన పోస్టు ఎంతమందికి కనిపిస్తుందో మన చేతిలో లేదు. ఫీడ్‌లో, అంటే యాప్‌లు చదివే మీ ఎపిసోడ్ల జాబితాలో, పెట్టింది మాత్రం షోని ఫాలో అవుతున్నవాళ్ల యాప్‌లోకి నేరుగా వెళ్తుంది. చిక్కల్లా, కబురు నెలలో పాతబడుతుంది, కథ పాతబడదు. ఐదేళ్ల తర్వాత కూడా ఎవరో ఒకరు మొదటి ఎపిసోడ్ దగ్గర మొదలుపెడతారు. ఈ వారం వినేవాళ్లకీ, ఐదేళ్ల తర్వాత వినేవాళ్లకీ ఉన్నది ఒకటే ఫీడ్.

[తెరపై: ఎపిసోడ్ సెట్టింగుల పేజీ. ఫుల్, ట్రైలర్, బోనస్ అని మూడు ఎంపికలు.]

వ్యాఖ్యానం:
ముందు సెట్టింగులు సరిచేద్దాం. సీజన్ నంబరు, ఎపిసోడ్ నంబరు, ఎపిసోడ్ రకం చెప్పే ట్యాగులని ఆపిల్ 2017లో తెచ్చింది. మీ ఆడియో ఫైళ్లు ఉంచి ఫీడ్ నడిపే హోస్టింగ్ సర్వీసుల్లో చాలావాటిలో ఇప్పుడు ఇవి కనిపిస్తాయి. షో మొత్తానికి ఒక సెట్టింగ్ ఉంటుంది: ఎపిసోడిక్ లేదా సీరియల్. వరసగా వినాల్సిన కథ అయితే సీరియల్ ఎంచుకోండి. ఏమీ ఎంచుకోకపోతే ఎపిసోడిక్ అనే లెక్క. అప్పుడు కొత్తగా వచ్చినవాళ్లకి జాబితాలో అన్నిటికన్నా పైన కనిపించేది చివరి ఎపిసోడ్. హంతకుడెవరో తెలిశాక కథ మొదలవుతుందన్నమాట.

కథలో భాగమైన ప్రతి ఫైలూ ఫుల్. సీజన్ నంబరు ఇచ్చి ఎపిసోడ్ నంబరు ఖాళీగా వదిలిన ట్రైలర్ ఆ సీజన్ ట్రైలర్ అవుతుంది. మిగతా కబుర్లన్నీ బోనస్. కబురుకి ఎపిసోడ్ నంబరు ఎప్పుడూ ఇవ్వకండి. కబురు ఏడో నంబరు తీసుకుంటే అసలు ఏడో భాగం ఫీడ్‌లో ఎనిమిది అవుతుంది. స్క్రిప్టులోనూ ట్రాన్‌స్క్రిప్టులోనూ మాత్రం ఏడుగానే ఉండిపోతుంది. కబురుకి సున్నా ఇద్దామా అంటే అదీ కుదరదు, ఆపిల్ నియమం ప్రకారం ఆ అంకె సున్నా కాని పూర్ణసంఖ్య అయ్యుండాలి.

బోనస్ అని గుర్తు పెట్టినంత మాత్రాన అన్ని యాప్‌లూ దాన్ని పక్కన పెట్టవు. ఆ ట్యాగుని పట్టించుకోకుండా తేదీల వరసలో ఆడించే యాప్‌లు ఉన్నాయి. కాబట్టి ట్యాగు మీదే భారం వేయకూడదు.

[తెరపై: ఒక ఎపిసోడ్ వేవ్‌ఫామ్. చివర్లో నాలుగు రంగుల ముక్కలు: ఆఖరి సీన్, నిశ్శబ్దం, సంగీతంతో క్రెడిట్లు, కబురు.]

వ్యాఖ్యానం:
ఎక్కువ కబుర్లకి విడి ఎపిసోడ్ అక్కర్లేదు. ఎపిసోడ్ తోక చాలు. ఆఖరి సీన్ అయ్యాక రెండు మూడు సెకన్ల నిశ్శబ్దం, సంగీతం, క్రెడిట్లు, ఆ తర్వాత 30 సెకన్లలోపు కబురు. క్రెడిట్ల దాకా ఉండేవాళ్లు తక్కువే. కానీ ఆడిషన్ ఇచ్చేదీ, డబ్బు పెట్టేదీ, స్నేహితులకి చెప్పేదీ సాధారణంగా వాళ్లే. మొదటి సీన్‌కి ముందు కబురు పెడితే ఎక్కువమంది వింటారు, నిజమే. కాకపోతే వాన చప్పుడుతో మొదలవ్వాల్సిన ఎపిసోడ్ విన్నపంతో మొదలవుతుంది. ఆ బేరం గిట్టదు.

ఆ తోక ఫైలులో శాశ్వతంగా అతుక్కుని ఉండకూడదు. హోస్టింగ్‌లో డైనమిక్ ఇన్సర్షన్ (డౌన్‌లోడ్ అయ్యే సమయంలో ఎపిసోడ్‌లో ముక్క చొప్పించే సౌకర్యం) ఉంటే కబురుని విడి ఫైలుగా ఎక్కించి, పోస్ట్‌రోల్ గుర్తు (ఎపిసోడ్ చివర చొప్పించే చోటు) దగ్గర పెట్టి, ముగింపు తేదీ ఇవ్వండి. ఆ తేదీ దాటాక డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్లకి పాత కబురు రాదు, పాత ఎపిసోడ్లన్నిట్లోనూ ఒకేసారి మాయమవుతుంది. ప్రీరోల్ (ఎపిసోడ్ మొదట్లో చొప్పించడం) జోలికి వెళ్లకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ముందు 25 సెకన్లు చొప్పిస్తే, మీరు టైమ్ కట్టి ఇచ్చిన ట్రాన్‌స్క్రిప్టూ చాప్టర్లూ అన్నీ 25 సెకన్లు పక్కకి జరుగుతాయి. చదువుతూ వినే బధిర శ్రోతకి ఒక పాత్ర మాట ఇంకో పాత్ర మీద పడుతుంది. చివర్లో చొప్పిస్తే కథ టైమింగు చెక్కుచెదరదు.

చొప్పించే ఫైలు, అసలు ఎపిసోడ్ ఒకే జాతివి అయ్యుండాలి: 44.1 కిలోహెర్ట్జ్, స్టీరియో, ఒకే స్థిర బిట్‌రేట్. డ్రామా స్టీరియో, కబురు మోనో అయితే, హోస్టింగ్ వాటిని సరిచేయకుండా అతికించినప్పుడు కొన్ని ప్లేయర్లలో అతుకు దగ్గర ఆడియో ఆగిపోతుంది, లేదా నిడివి తప్పుగా చూపిస్తుంది. పోస్ట్‌రోల్ గుర్తుని ఆఖరి శబ్దం ప్రతిధ్వని మీద కాకుండా, అది పూర్తిగా ఆరిపోయాక కనీసం ఒకటిన్నర సెకను వదిలి పెట్టండి.

[తెరపై: లౌడ్‌నెస్ మీటర్. ఇంటిగ్రేటెడ్ -16, షార్ట్‌టర్మ్ -24.]

వ్యాఖ్యానం:
ఇక సౌండ్ లెవెల్. తోక పెట్టినవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఆపిల్ సిఫారసు మొత్తం మీద -16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే గట్టిదనం కొలత, సున్నాకి దగ్గరయ్యేకొద్దీ గట్టి), ఒక డీబీ అటూ ఇటూ, ట్రూ పీక్ (ధ్వని అతి ఎత్తైన శిఖరం) -1 డీబీ దాటకుండా. డ్రామాని -16కి తెచ్చాం, కబురునీ -16కి తెచ్చాం, ఇక సమస్యేముంది అనిపిస్తుంది. మీటర్ చూపించే ఆ -16 మొత్తం ఎపిసోడ్ సగటు. అందులో అరుపులు ఉన్నాయి, పేలుళ్లు ఉన్నాయి. ఆఖరి సీన్ గుసగుస అయితే అక్కడి లెవెల్ -24 దగ్గర ఉండొచ్చు. ఆ చెవిలోకి, మైకుకి దగ్గరగా మాట్లాడిన -16 గొంతు ఒక్కసారిగా వస్తే ఎనిమిది డీబీ ఎగిరినట్టు. నిద్రపోబోతూ వింటున్న మనిషి ఉలిక్కిపడి లేస్తారు.

కాబట్టి కబురు లెవెల్ కట్టేటప్పుడు మొత్తం సగటు వదిలేసి, ఆఖరి అర నిమిషంలో షార్ట్‌టర్మ్ మీటర్ ఎంత చూపిస్తోందో చూడండి. ఆ మీటర్ మూడేసి సెకన్ల కిటికీలో కొలుస్తుంది. మధ్యలో క్రెడిట్ల సంగీతాన్ని -20 దగ్గర నడిపించి, కబురుని -18కి దించితే చెవి మెట్టుమెట్టుగా ఎక్కుతుంది. కబురులో ఫోన్ మోత, తలుపు తట్టిన చప్పుడు లాంటి ఎఫెక్టులు వద్దు. కథ ఇంకా నడుస్తోందనుకుంటారు.

[తెరపై: రెండు షోల కవర్లు పక్కపక్కన. మధ్యలో రెండు వైపులా బాణాలు.]

వ్యాఖ్యానం:
ఆడియో డ్రామా చేసేవాళ్లు ఒకరికొకరు చేసుకునే అతి పెద్ద సాయం ఫీడ్ డ్రాప్. మీ ఫీడ్‌లో ఇంకో షో పూర్తి ఎపిసోడ్ ఒకటి పెడతారు, వాళ్ల ఫీడ్‌లో మీది. దీనికి తమ్ముడు ట్రైలర్ స్వాప్, అరవై నుంచి తొంభై సెకన్ల ట్రైలర్‌ని క్రెడిట్ల తర్వాత ఆడించడం. ట్రైలర్ స్వాప్‌కి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. ఫీడ్ డ్రాప్‌కి కావాలి.

మొదట హక్కులు. నటులతో రాసుకున్న ఒప్పందంలో "ఈ షో ఫీడ్‌లో మాత్రమే" అని ఉండొచ్చు. సంగీతానికి తీసుకున్న లైసెన్సు ఒక్క షోకే వర్తించొచ్చు. సౌండ్ ఎఫెక్టు క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ లైసెన్సుది (చేసినవాళ్ల పేరు చెప్పి వాడుకోవాల్సినది) అయితే, ఆ క్రెడిట్ వరస మీ షోనోట్స్‌లోకి (ఎపిసోడ్‌తో పాటు రాసే వివరణలోకి) కూడా రావాలి. రెండు వైపులవాళ్లూ ఈమెయిల్‌లో నాలుగు విషయాలు రాసుకోండి: ఏ ఎపిసోడ్, ఏ తేదీన, ఎన్నాళ్లు ఉంచుతారు, ఎవరు తీసేస్తారు. మూడు నెలలు చాలు. మీ ఫీడ్‌లో విన్న డౌన్‌లోడ్లు మీ హోస్టింగ్ లెక్కలోకే వస్తాయి, వాళ్ల లెక్కలోకి రావు. ఇది ముందే మాట్లాడుకోకపోతే తర్వాత మనస్పర్థలు వస్తాయి.

ఫైలు ఎంపీ3గా తీసుకోకండి. దాన్ని మళ్లీ ఎంపీ3 చేస్తే వాన, జనం, గాలి లాంటి నేపథ్య ధ్వనులు నీళ్లలో మునిగినట్టు వినిపిస్తాయి. 24 బిట్ వేవ్ (కుదించని ఆడియో ఫైలు) అడగండి. వాళ్లది -19, మీది -16 అనుకోండి. మూడు డీబీ పెంచాలి. వాళ్ల పీక్ -2 దగ్గర ఉంటే పెంచాక +1కి పోతుంది, పగులుతుంది. లిమిటర్ (పీక్‌ని హద్దు దాటనివ్వని సాధనం) పెట్టి -1 దగ్గర ఆపాలి. ఆ పని వాళ్ల సౌండ్ డిజైనర్‌నే చేసిమ్మనడం మర్యాద, ఎందుకంటే ఏ పేలుడు ఎంత గట్టిగా ఉండాలో తెలిసింది వాళ్లకే.

ముందు 20, 30 సెకన్ల పరిచయం మీ గొంతుతో చెప్పండి: ఇది మన కథ కాదు, ఫలానా షో, ఎలాంటి కథ, ఏ కంటెంట్ హెచ్చరికలు ఉన్నాయి. మీ కథానాయిక పాత్రలోనే ఉండి పరిచయం చేస్తే ముచ్చటగా ఉంటుందనిపిస్తుంది. చేయకండి, అది మీ కథలో కొత్త సన్నివేశం అనుకుని శ్రోతలు తికమకపడతారు. ఎపిసోడ్ పేరు ముందు "పరిచయం" అని పెట్టి, రకం బోనస్ చేసి, నంబరు లేకుండా వదలండి. సీజన్ ముగిశాక కనీసం వారం ఆగి పెట్టండి. సగంలో ఆగిన సస్పెన్సుకీ దాని జవాబుకీ మధ్య మాత్రం ఎంత మంచి షో అయినా పెట్టొద్దు. తిట్లు పడేది ఆ షోకి.

[తెరపై: కాస్టింగ్ కాల్ పత్రం నమూనా.]

వ్యాఖ్యానం:
కాస్టింగ్ కాల్‌కి విడి ఎపిసోడ్ అసలు వద్దు, వినేవాళ్లలో చాలామంది నటులు కారు. క్రెడిట్ల తర్వాత ఒక వాక్యం, షోనోట్స్‌లో లింకు చాలు. పత్రంలో మాత్రం ఏదీ దాచకండి: పాత్ర వయసు, గొంతు తీరు, సుమారు ఎన్ని లైన్లు, ఎన్ని ఎపిసోడ్లు, రికార్డింగు నెలలు, పారితోషికం లైనుకా మొత్తానికా, డబ్బు లేకపోతే లేదని మొదటి పేరాలోనే. ఇచ్చిన గొంతుని ఏఐ నకలుకి వాడబోమని రాతపూర్వకంగా చెప్పండి. ఇప్పుడు నటులు ముందుగా చూసేది ఆ వాక్యమే.

ఆడిషన్‌కి రెండు ముక్కలు చాలు, ఒక్కోటి నిమిషం లోపు. ఒకటి మామూలు మాట, ఇంకోటి కోపమో ఏడుపో. ఆఖరి ఎపిసోడ్ సంభాషణలు ఇవ్వకండి. పత్రం చదివిన ప్రతివాళ్లకీ కథ తెలిసిపోతుంది, కాబట్టి ఆడిషన్ కోసమే కొత్తవి రాయండి. చివర్లో ఐదు సెకన్ల గది నిశ్శబ్దం రికార్డు చేయమనండి. ఫ్యాను, ఫ్రిజ్, వీధి చప్పుడు ఎంతుందో అప్పుడే తెలుస్తుంది. ఫైలు పేరు ఎలా ఉండాలో నమూనా ఇవ్వండి: పాత్ర, నటుడి పేరు, టేక్ నంబరు. లేకపోతే "ఆడిషన్ 1" అనే పేరుతో నలభై ఫైళ్లు వస్తాయి. గడువు "శుక్రవారం అర్ధరాత్రి" అని రాస్తే ఏ ఊరి అర్ధరాత్రో, గురువారం రాత్రో శుక్రవారం రాత్రో ఎవరికీ తెలియదు. తేదీ, 23:59, యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) అని రాయండి.

[తెరపై: ఫీడ్‌లో ఒక ఐటమ్, దాని గుర్తింపు సంఖ్య మెరుస్తూ.]

వ్యాఖ్యానం:
సీజన్ల మధ్య విరామం ప్రకటన ఒక్కదానికే విడి ఎపిసోడ్ తప్పదు. కథ ఆగిందా, షో చచ్చిపోయిందా తెలియక శ్రోతలు వెళ్లిపోతారు. తొంభై సెకన్లు మించొద్దు. "వచ్చే నెల" అనకండి, సంవత్సరంతో సహా చెప్పండి. తేదీ ఖాయం కాకపోతే "స్క్రిప్టులు పూర్తయ్యాయి, రికార్డింగు మొదలవబోతోంది" అని పని ఎక్కడుందో చెప్పండి. తప్పిన తేదీ కన్నా అది ఎంతో నయం.

కొత్త సీజన్ రాగానే ఆ ప్రకటనని తీసేయండి. తీసేసేటప్పుడు ఒక కక్కుర్తి పనికి చాలామంది దిగుతారు: పాత ఐటమ్‌లోనే ఆడియో మార్చి కొత్త కబురు ఎక్కిస్తారు. ఫీడ్‌లో ప్రతి ఐటమ్‌కీ జీయూఐడీ అనే గుర్తింపు ఉంటుంది. అది మారకపోతే, ఇంతకుముందు విన్నవాళ్ల యాప్ "ఇది విన్నదే" అని ఊరుకుంటుంది, కొత్త కబురు వాళ్లకి చేరదు. తిరగేస్తే ఇంకో ప్రమాదం. హోస్టింగ్ మారేటప్పుడు జీయూఐడీలు మారిపోతే, పాత ఎపిసోడ్లన్నీ కొత్తవిగా మళ్లీ వచ్చిపడతాయి. మారేముందు వాటిని అలాగే ఉంచుతారో లేదో కొత్త సర్వీసుని అడగండి, పాత ఫీడ్ నుంచి 301 రీడైరెక్టుని (పాత చిరునామాకి వచ్చినవాళ్లని శాశ్వతంగా కొత్తదానికి మళ్లించే ఏర్పాటుని) కనీసం నాలుగు వారాలు ఉంచండి.

[తెరపై: మూడు ఫోన్లు, మూడు వేరు యాప్‌లు. ఆరో ఎపిసోడ్ ఆఖరి నిమిషం ఆడుతోంది.]

వ్యాఖ్యానం:
ఏ కబురు పెట్టినా, మర్నాడు మూడు వేరు యాప్‌లలో షోని కొత్తగా ఫాలో అయి చూడండి. వాటిలో ఒకటి తేదీల వరసలో ఆడించేది అయ్యుండాలి. సస్పెన్సుతో ఆగే ఎపిసోడ్ తీసుకుని ఆఖరి నిమిషానికి జరిపి, ఫోన్ బల్ల మీద పెట్టి చేతులు తీసేయండి. తర్వాత ఏది మొదలవుతుందో వినండి. తలుపు వెనక ఉన్న మనిషి కాకుండా ఇంకెవరి గొంతైనా వినిపిస్తే, ఆ ఫైలు ప్రచురణ తేదీని సీజన్ ముగింపు తర్వాతికి మార్చండి, లేదా దాన్ని తీసేసి తోకలోకి పంపండి.