పుడ్డింగ్ కలిపింది ఎవరు?

అందరికీ నమస్కారం.

ఇవాళ హత్యల మీద మాట్లాడబోతున్నానంటే మా అమ్మాయి "పండగ పూట అదేం టాపిక్కమ్మా?" అంది. ఇంగ్లండ్‌లో పుట్టి ఉంటే అలా అడిగేది కాదు. క్రిస్మస్ రాత్రుల్లో చలిమంట చుట్టూ చేరి దెయ్యాల కథలు చెప్పుకోవడం అక్కడ విక్టోరియా రాణి కాలంలోనే బాగా అలవాటు. తర్వాత దెయ్యం జాగాలోకి శవం వచ్చింది, అంతే.

నేను మాట్లాడేది కోజీ మిస్టరీల గురించి. హత్య జరుగుతుంది గానీ నెత్తురు మన చేతికంటదు. గుట్టు విప్పేది పోలీసు కాదు, అక్కడే ఉన్న ఎవరో మామూలు మనిషి. వాటిలోనూ 1930ల నాటి ఇంగ్లండ్, క్రిస్మస్ సెలవులు, ఒక ఆడ డిటెక్టివ్, ఈ మూడూ కలిసిన పుస్తకమైతే నాకు ఆ రోజు వంట ఆలస్యమైనట్టే.

క్రిస్మస్ అయితే రచయితకి సగం పని తప్పుతుంది. ఒకరంటే ఒకరికి పడని చుట్టాలంతా ఒకే బల్ల చుట్టూ నవ్వు ముఖాలు పెట్టుకుని కూర్చోవాలి. సంక్రాంతికి నలుగురు తోడికోడళ్లు ఒక వంటింట్లో పడితే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా! బయట మంచు పడి దారులు మూసుకుపోతాయి. పోలీసులు రాలేరు, హంతకుడు పోలేడు.

ఇక పుడ్డింగ్, అంటే క్రిస్మస్ భోజనంలో తినే తీపి వంటకం. అది పండగ రోజున వండేది కాదు. ఎండు పళ్లు, పశువుల కొవ్వు, బ్రాందీ వేసి కలిపి, గంటల తరబడి ఉడికించి, నాలుగైదు వారాల ముందే దాచిపెడతారు. అడ్వెంట్‌కి, అంటే క్రిస్మస్ ముందు నాలుగు వారాల కాలానికి, ముందొచ్చే ఆదివారం ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరు గరిటె తిప్పుతూ మనసులో ఏదో ఒకటి కోరుకుంటారు. అందులో ఒక ఆరు పెన్నీల నాణెం కూడా వేస్తారు. ఎవరి ముక్కలో వస్తే వాళ్లది అదృష్టం. ఇప్పుడు కొంచెం డిటెక్టివ్ బుర్రతో ఆలోచించండి. గరిటె ఎంతమంది తిప్పారు? ఇన్ని వారాలూ అది ఏ అలమారలో ఉంది? తాళంచెవి ఎవరి కొంగున... కాదు, ఎవరి నడుముకి ఉంది? ఇన్‌స్పెక్టర్ ఎంత చదువుకున్నా ఈ ప్రశ్నలు తట్టవు. ఇంటి ఆనుపానులు తెలిసినవాళ్లకే తడతాయి. ఈ కథల్లో ఆడ డిటెక్టివ్ బలమంతా అక్కడే ఉందని నా నమ్మకం.

అప్పటి ఆడవాళ్లకి వేరే అధికారం ఎక్కడుంది గనక? బ్రిటన్‌లో అరెస్టు చేసే అధికారం దొరికిన మొదటి మహిళా పోలీసు ఈడిత్ స్మిత్. అది 1915లో, గ్రాంథమ్ అనే ఊళ్లో. లాయర్లు కావడానికి, జ్యూరీలో కూర్చోవడానికి దారి తెరిచిన చట్టం వచ్చింది 1919లో. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత 1921 జనాభా లెక్కలు తీస్తే, మగవాళ్ల కంటే ఆడవాళ్లు 17 లక్షలకు పైగా ఎక్కువ తేలారు. వాళ్లని "మిగులు ఆడవాళ్లు" అన్నారు. ఎంత మాట చూడండి! పెళ్లి కాని పెద్దావిడ మూల కూర్చుని ఊలు అల్లుకుంటుంటే ఎవరూ గొంతు తగ్గించి మాట్లాడరు. ఆవిడ వింటోందని ఎవరూ అనుకోరు కాబట్టి.

ఇంగ్లీషు డిటెక్టివ్ కథల రచయిత్రి అగాథా క్రిస్టీ పట్టుకున్నది దాన్నే. ఆవిడ సృష్టించిన పెళ్లి కాని పెద్దావిడ డిటెక్టివ్ మిస్ మార్పుల్ మొదట కనిపించింది 1927 డిసెంబర్‌లో, ఒక పత్రికలో వచ్చిన కథలో. ఆ తర్వాత కథల్లో ఒకదాని పేరులోనే క్రిస్మస్ విషాదం ఉంది. ఒక హోటల్లో పెళ్లాంతో దిగిన ఒకణ్ని చూడగానే, వీడు ఆ పెళ్లాన్ని చంపబోతున్నాడని మార్పుల్‌కి తెలిసిపోతుంది. తెలిసీ ఆపలేకపోతుంది. అదే హోటల్లో ఆ మధ్యే ఒక పనిమనిషి జబ్బు చేసి చనిపోయింది. పనిమనిషి చావు కదా, ఎవరికి పట్టింది! మొత్తం చిక్కుముడి అక్కడా, ఒక టోపీలోనూ ఉంది. ఇంతకంటే చెబితే మీరు చదవరు.

క్రిస్టీ రాసింది చరిత్ర కాదు, తన కాలం. ఇప్పటివాళ్లు మళ్లీ ఆ కాలంలోకి వెళ్లి రాస్తున్నారు. రీస్ బోవెన్ అనే రచయిత్రి 2012 నవలలో నాయిక రాజుగారికి చుట్టం, చేతిలో మాత్రం చిల్లిగవ్వ లేదు. 1933 క్రిస్మస్‌కి డెవన్‌లో ఒక పెద్ద బంగళాలో అతిథుల్ని చూసుకునే పనికి కుదురుతుంది. తీరా చూస్తే ఆ అతిథులు "అసలు సిసలు పాతకాలపు క్రిస్మస్" కోసం డబ్బు కట్టి వచ్చినవాళ్లు! ఊళ్లో రోజుకొకరు పోతుంటారు, చూడ్డానికి అన్నీ ప్రమాదాలే. డబ్బు కట్టి పాతకాలాన్ని కొనుక్కునే ఆ అతిథుల్ని చూసి నవ్వాను. పుస్తకం కొన్న రసీదు గుర్తొచ్చి నవ్వు ఆగింది.

మంచు తప్పనిసరా అంటే, మెల్‌బోర్న్ డిటెక్టివ్ ఫ్రైనీ ఫిషర్ ఉంది. అక్కడ డిసెంబరంటే మండు వేసవి. ఆవిడ మీద తీసిన టీవీ సీరియల్ వాళ్లకి మంచు కావాల్సొచ్చి క్రిస్మస్‌ని జూలైలో చేశారు, కొండ మీద!

నాకొక ఫిర్యాదు ఉంది. కొత్త నవలల్లో చాలావాటిలో నాయిక, పనమ్మాయి ప్రాణస్నేహితురాళ్లలా ఉంటారు. తెల్లవారకముందే లేచి ప్రతి గదిలో పొయ్యి బూడిద ఎత్తి, పండగ భోజనం అయ్యాక గిన్నెలన్నీ తోమిన పిల్లకి స్నేహానికి తీరికెక్కడిది? వాళ్లకి బహుమానం ఇచ్చేది కూడా పండగ మర్నాడే, బాక్సింగ్ డే నాడు. పనమ్మాయిని స్నేహితురాల్ని చేసేసి రచయితలు ఆ చాకిరీని దాటేస్తున్నారేమో అనిపిస్తుంది. క్రిస్టీ కనీసం ఒక పనిమనిషి చావుని ఎవరూ పట్టించుకోలేదని చూపించింది, కథ మొత్తం దాని మీదే నిలబెట్టింది.

టీ వచ్చినట్టుంది. ప్రశ్నలు ఏమైనా అడగండి, ఆ టోపీ సంగతి తప్ప.