పాత బ్రష్షులు భోగి మంటలో వేయకండి

అధ్యక్షులవారికి, కాలనీ పెద్దలకు, అమ్మలకు, పిల్లలకు నమస్కారం. భోగి ఏర్పాట్ల గురించి రెండు మాటలు చెప్పమన్నారు. ముగ్గుల పోటీ సంగతి కార్యదర్శిగారు చెప్పేశారు కనుక నేను పళ్ళు తోముకునే బ్రష్షు గురించి మాట్లాడతాను.

నిరుడు భోగి మంటలో పిడకల దండలతో పాటు ఎవరో సంచెడు పాత బ్రష్షులు వేశారు. నల్లటి పొగ లేచింది. చలి కాచుకుంటున్న పిల్లలు దగ్గుతూ వెనక్కి జరిగారు. ఆ దగ్గు నాకింకా వినిపిస్తూనే ఉంది. మా నాన్నగారు వేప పుల్లతో పళ్ళు తోముకుని, దాన్నే చీల్చి నాలుక గీసుకుని పెరట్లో పడేసేవారు. అది మట్టిలో కలిసిపోయేది. బ్రష్షు అలా కలవదు. పిడి చాలావరకు పాలీప్రొపిలిన్ అనే ప్లాస్టిక్, కుచ్చు నైలాన్, ఆ కుచ్చును బిగించి ఉంచేది చిన్న లోహపు ముక్క. ఇన్ని రకాలు కలిసిన ఇంత చిన్న వస్తువును పాత సామాన్లవాళ్ళు ముట్టుకోరు. మూడు నెలలకొకటి మార్చమంటారు దంతవైద్యులు. మన 120 ఇళ్ళలో ఇంటికి నలుగురనుకుంటే ఏడాదికి 1,920 బ్రష్షులు!

మా అమ్మ దగ్గర ఒక ఎర్ర బ్రష్షు ఉండేది. పిడి చివర రంధ్రం. లంగా బొందు ఊడివస్తే ఆ రంధ్రంలో ముడివేసి, మడతలో దూర్చి, వేళ్ళతో కుచ్చెళ్ళు జరుపుకుంటూ అవతలి నుంచి లాగేది. ఊరంతా అడిగి తీసుకెళ్ళేవారు. కుచ్చు వైపు కుట్టుమిషను దుమ్ముకు, ఇత్తడి కుందుల నగిషీలో ఇరుక్కున్న చింతపండుకు. ఇరవై ఏళ్ళు వాడింది. ఇప్పటి బ్రష్షుల్లో చాలావాటికి ఆ రంధ్రమే లేదు. ఎందుకు తీసేశారమ్మా, ఎవరికి అడ్డం వచ్చింది?

సరే, అసలు విషయానికి వస్తాను. బ్రష్షును వేడినీళ్ళలో కడిగి ముందు ఇంటి పనికి పెట్టండి. స్టవ్ బర్నర్లకు, కిటికీ గాడులకు, దువ్వెనలకు. ఇక పనికిరాదనుకున్నాక పొడి చెత్తలోనే వేయండి. తడి చెత్తలో వద్దు, మంటలో అసలే వద్దు. వెదురు బ్రష్షు కొన్నవాళ్ళు కూడా జాగ్రత్త. అందులోనూ కుచ్చు సాధారణంగా నైలానే. పట్టకారుతో కుచ్చు పీకేసి, పిడిని మాత్రమే మట్టిలో పూడ్చండి.

పిల్లలూ, మీరే నాకు సాయం చేయాలి. గేటు దగ్గర ఒక డబ్బా పెడుతున్నాను. భోగి ముందురోజు ఇంటింటికీ తిరిగి పాత బ్రష్షులు అడిగి అందులో వేయండి. అమ్మలూ, అమ్మ బ్రష్షు ఇదిగో, నా చేతిలోనే ఉంది. బొందు ఊడిన లంగాలు తీసుకురండి, ఇప్పుడే ఎక్కించి చూపిస్తాను.