ఒక్క కణం సంతతి

శ్రోతలకు నమస్కారం.

రిటుక్సిమాబ్, ట్రాస్టుజుమాబ్, అడాలిముమాబ్. ఈ మందుల పేర్ల చివర ఉన్న ‘మాబ్’ గమనించారా? మోనోక్లోనల్ యాంటీబాడీ అనే మాటకు అది పొట్టి రూపం. ఇవి మాత్రలుగా దొరకవు. యాంటీబాడీ ఒక ప్రొటీన్ కాబట్టి, మింగితే తిన్న పప్పులాగే అరిగిపోతుంది. అందుకే నరంలోకి నెమ్మదిగా ఎక్కిస్తారు, లేదా చర్మం కింద సూదితో ఇస్తారు.

ఒంట్లోకి క్రిమి చొరబడితే మన బి కణాలు, అంటే ఒక రకం తెల్ల రక్తకణాలు, దాన్ని పట్టుకునే యాంటీబాడీలను వదులుతాయి. ఒక్కో బి కణానిది ఒక్కో గురి. కాబట్టి రక్తంలో ఎప్పుడూ ఉండేది కలగాపులగమే. మందుగా వాడాలంటే ఒకే గురి ఉన్నది, అదీ కావలసినంత కావాలి. కానీ బి కణాన్ని బయటికి తీసి పెంచబోతే కొద్ది రోజుల్లోనే చనిపోతుంది.

1975లో కేంబ్రిడ్జిలో జార్జెస్ కోహ్లర్, సీజర్ మిల్‌స్టీన్ ఈ చిక్కుముడి విప్పారు. ఎలుక ప్లీహం నుంచి బి కణాలు తీసుకుని, చావు లేకుండా పెరిగే క్యాన్సర్ కణాలతో కలిపారు. కొన్ని జంటలై అతుక్కుంటాయి, చాలావరకు అతుక్కోవు. వాటిని వేరు చేసిన తీరు నాకెంతో ఇష్టం. ఆ క్యాన్సర్ కణాలు బతకలేని ద్రవంలో అన్నింటినీ వేశారు. ఒంటరి క్యాన్సర్ కణాలు అందులో చచ్చాయి. ఒంటరి బి కణాలకు ఎలాగూ ఆయుష్షు లేదు. మిగిలినవి జంటకణాలే! వాటిలో సరైన యాంటీబాడీ ఇస్తున్న కణాన్ని వెతికి పట్టుకుని పెంచితే, దాని సంతతి అంతా అదే యాంటీబాడీని ఇస్తూ పోతుంది. మోనోక్లోనల్ అంటే ఇదే, ఒక్క కణం సంతతి. 1984లో ఈ ఇద్దరికీ నీల్స్ యెర్నెతో పాటు నోబెల్ బహుమతి వచ్చింది.

మందు మాత్రం అంత సులువుగా రాలేదు. ఎలుక యాంటీబాడీని మన శరీరం పరాయిదిగా గుర్తుపట్టి, దానిమీదే యాంటీబాడీలు తయారుచేస్తుంది. మళ్లీ ఇస్తే పని చేయదు, కొన్నిసార్లు వికటిస్తుంది కూడా. 1986లో గ్రెగ్ వింటర్ బృందం ఒక దారి చూపింది. గురిని పట్టే కొసలను మాత్రమే ఎలుకవి ఉంచి, మిగతాదంతా మనిషి యాంటీబాడీగా మార్చారు. ఆ పద్ధతిలో వచ్చినదే ట్రాస్టుజుమాబ్. రొమ్ము క్యాన్సర్లలో సుమారు 15 నుంచి 20 శాతం వాటిలో కణాల మీద హెర్2 అనే ప్రొటీన్ లెక్కకు మించి ఉంటుంది. ఈ మందు దాన్నే పట్టుకుంటుంది. అందుకే ముందు కణితి ముక్కను పరీక్షిస్తారు. హెర్2 అలా పెరగకపోతే ఈ మందు సాధారణంగా ఇవ్వరు. ఆ పరీక్షకు పట్టే రోజులు రోగికి ఎంత భారమో నాకు తెలుసు, కానీ చికిత్స మొత్తం దానిమీదే నిలబడి ఉంది.

ట్రాస్టుజుమాబ్‌కు అనుమతి వచ్చింది 1998లో. కేంబ్రిడ్జి ప్రయోగానికి 23 ఏళ్ల తర్వాత! ఇంత ఆలస్యమా అని బాధపడేవారికి 2006 మార్చిలో లండన్‌లో జరిగింది చెప్పాలి. టీజీఎన్ 1412 అనే యాంటీబాడీని తొలిసారి మనుషులకు ఇచ్చారు. కోతులకు హాని చేయని మోతాదులో 500వ వంతు మాత్రమే. ఆరోగ్యంగా ఉన్న ఆరుగురు వాలంటీర్లకు నిమిషాల తేడాతో ఒకరి తర్వాత ఒకరికి ఎక్కించారు. గంటన్నరలోపే తలనొప్పి, నడుంనొప్పి, వాంతులు మొదలయ్యాయి. రోగనిరోధక వ్యవస్థ ఒక్కసారిగా చెలరేగి అవయవాలు దెబ్బతిన్నాయి. ఆరుగురూ ఇంటెన్సివ్ కేర్‌కు చేరారు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు.

మొదటి మనిషికి ఏమవుతుందో చూసి ఆగి ఉంటే, మిగతా ఐదుగురికి ఆ బాధ తప్పేది. అందుకే ఇప్పుడు ఇలాంటి తొలి పరీక్షల్లో, అతి తక్కువ మోతాదుతో, ముందు ఒక్కరికే మందు ఇస్తారు. ఆ మనిషి మంచం పక్కనే ఉండి నాడి, రక్తపోటు, జ్వరం చూస్తూ వేచి ఉంటారు. ఆ తర్వాతే రెండో వ్యక్తికి సూది వేస్తారు.